పులివాడికి మూడు చుక్కలు

"అవ్వా, గుమ్మంలో నిలబడిండే మనిషిని చూడు. మూడో బాగంలో పులివాడికి ఇట్లాంటి బుజాలే."

స్టీలు బిందె తుడుస్తూ, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా అన్నది లోకేశ్వరి. అన్నది తెలుగులో. కారమడైలో కొట్లు పెట్టుకున్న తెలుగు కుటుంబాలకి తరాలుగా ఉన్న సౌకర్యం అది. బేరానికి తమిళం, గుట్టుకి తెలుగు. గిరాకీ ముక్కు వంకర గురించి గిరాకీ ఎదుటే మాట్లాడుకోవచ్చు, ఆయన చిల్లర తీసుకుని నవ్వుతూ వెళ్ళిపోతాడు.

గల్లాపెట్టె వెనక కూర్చున్న వల్లియమ్మ అవ్వ కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చూసింది. "బుజాలు సరి. నడుము కొంచం లావు. పులి అంటే నడుము సన్నంగా ఉండాల."

ఈ పులి ఎవరో ముందే చెప్పేస్తాను. 'పున్నమి పులి' అని తమిళంలో ఏడు భాగాల నవల. నీలగిరిలో టీ ఎస్టేటు యజమాని ఒకడు పున్నమి రోజున పులి అవుతాడు, మిగతా రోజుల్లో ఒక టీచరమ్మ వెంట పడతాడు. ప్రతి మూడో అధ్యాయంలో గది తలుపు మూసుకుంటుంది. మామూలు నవలల్లో తలుపు మూశాక కథ బయటే ఆగిపోతుంది, ఇందులో ఆగదు. చదివేవాళ్ళు ఒప్పుకోరు గానీ, కోయంబత్తూరు జిల్లాలో చాలామంది దిండ్ల కింద ఉన్నది ఇదే.

గుమ్మంలో మనిషి లోపలికి వచ్చి, తమిళంలో మూడు గిన్నెల క్యారియరు అడిగాడు. పేరు చెక్కాలన్నాడు. పాత్రల కొట్లో అది ఉచితం. లోకేశ్వరి చిన్న మిషను చేతిలోకి తీసుకుంది.

"పేరు ఎన్నంగ?"

"విఘ్నేశ్వరన్."

మిషను గుర్రుమంది. తమిళ అక్షరాలు ఒక్కొక్కటే స్టీలు మీద తెల్లగా పడుతున్నాయి. చివరి అక్షరం దగ్గర ఆ మనిషి గొంతు సవరించుకుని, శుభ్రమైన ఇంటి తెలుగులో అన్నాడు. "నడుము సంగతి ఒప్పుకుంటాను. మా యమ్మ తిండి అట్లాంటిది. బుజాలకి మాత్రం థ్యాంక్స్."

మిషను జారింది. పేరు చివర ఒక గీత వంకరగా సాగి, గిన్నె అంచుదాకా పోయి తోకలాగా ఆగింది.

అవ్వ చటుక్కున చీర కొంగు నోట్లో కుక్కుకుంది. లోకేశ్వరి మాత్రం తల దించలేదు.

"ఒకరు మాట్లాడుకునేది వినేది మర్యాదనా?"

"ఒకరి బుజాలు కొలిచేది?"

"కొలవలేదు. చూసినాను. కనపడేటట్టు పెట్టుకోని వచ్చినారు, చూడక ఏమి చేసేది?"

"చూసినానని ఒప్పుకుంటివే, అది చాలు. నీ గొంతు విన్నప్పటి నుంచీ అనుకుంటుండాను, ఈ పిల్ల దేనికీ లేదని చెప్పదని."

"నా గొంతు మీరు యాడ వింటిరి?"

అతను ఆమె గొంతునే అనుకరించాడు. "నేను లోకేశ్వరి, కారమడై, పాత్రల కొట్టు. ఈసారి నాలుగో బాగం."

ఇప్పుడు ఆ సంగతి. కోయంబత్తూరు నుంచి మదురై దాకా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే ఆడవాళ్ళకి ఫోనులో ఒక గ్రూపు ఉంది, పేరు 'ఇంటి మాట'. వాళ్ళల్లో తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. కాబట్టి అక్కడ ఎవరూ రాయరు, మాట్లాడి పంపుతారు. లోకేశ్వరి తమిళంలో నవల చదివి, కథ ఎలా ఉందో, ఏది నచ్చిందో, ఏది మండిందో తెలుగులో చెప్పి, ఐదు చుక్కలకి ఎన్ని ఇస్తున్నదో చెబుతుంది. మూడు వందల మంది వింటారు. విని, బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి మాయమవుతారు. పేరు చెప్పి మాట్లాడేది లోకేశ్వరి ఒక్కతే.

"అది ఆడోళ్ళ గ్రూపు," అన్నది ఆమె.

"మాది చిన్నమనూరు. ద్రాక్షతోట. మా యమ్మ పండ్లు సర్దే షెడ్డులో స్పీకర్లో పెడతాది. చెవుల్లో దూది పెట్టుకోమంటావా?" క్యారియరు మూత తెరిచి చూస్తూ అన్నాడు. "నాలుగో బాగానికి నువ్విచ్చిన తీర్పు మాత్రం తప్పు."

లోకేశ్వరి మిషను కింద పెట్టింది. తన భుజాల మీద, నడుము మీద ఎవరేమన్నా ఊరుకుంటుందేమో గానీ, తన తీర్పు మీద ఊరుకోదు.

"ఏమి తప్పు? పులివాడు ఆ పిల్ల మెడ కొరికి, ఏడు జన్మలుగా నువ్వు నాదానివి అంటాడు. అడిగినాడా? ఒక్క మాట అడిగినాడా? వేడి బాగుండాది, నేనూ అదే చెప్పినాను. అడగలేదు కాబట్టి రెండు చుక్కలు కోసినాను. మూడు."

"కోసింది సరి. ఇంకోటి కోయలేదే అని అడుగుతుండాను. ఆ టీచరమ్మ నాలుగు బాగాలుగా ఒక్కనాడన్నా బడికి పొయ్యెనా? ఆ పిల్లకాయల గతి ఏమి?"

లోకేశ్వరికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. బయట కొండల వైపు నుంచి వచ్చిన వాన కొట్టు ముందు రేకు మీద టపటపా మొదలుపెట్టింది. అతను వెళ్ళడానికి గొడుగు లేదు. అవ్వ అడక్కుండానే స్టూలు చూపించింది.

*

తర్వాత ప్రతి మంగళవారం విఘ్నేశ్వరన్ ద్రాక్ష లోడు మేట్టుపాళయం మార్కెట్లో దింపి, తిరుగు దారిలో కారమడైలో ఆగాడు. ఒకసారి గ్లాసు కొన్నాడు. ఒకసారి గరిటె. ఒకసారి ఇడ్లీ పాత్ర. అన్నిటి మీదా పేరు చెక్కించుకున్నాడు. లోకేశ్వరి ప్రతిదాని చివరా ఆ తోక గీసింది, ఈసారి కావాలనే.

"మా ఇంట్లో నా పేరు లేనిది పిల్లి ఒకటే," అన్నాడు ఒకరోజు.

"తీసుకురండి. తోక దానికి ముందే ఉండాది."

"నువ్వు నన్ను మీరు అనేది ఎప్పుడు ఆపుతావు?"

"మీరు గరిటెలు కొనేది ఆపినప్పుడు."

మంగళవారం రాకపోతే వారం ఎలా గడుస్తుందో అని లోకేశ్వరి అనుకోవడం మొదలుపెట్టింది. ప్రేమ అంటే ఇదేనని ఆమెకి తెలుసు. ఏడు భాగాలు చదివినదానికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా.

పెళ్ళి మాటలకి మంచిదనే తమిళుల ఆవణి నెల పుట్టగానే చిన్నమనూరు నుంచి కబురు వచ్చింది. విఘ్నేశ్వరన్ తల్లి సంతానలక్ష్మి, ఆమె అన్న రత్నసభాపతి పిల్లని చూడటానికి వస్తున్నారు. తండ్రి లేని ఇంట్లో మేనమామదే పెద్దరికం. మాట కుదిరితే ఆ రోజే తట్టు మార్చుకోవడం. పూలు, పండ్లు, తమలపాకులు పెట్టిన పళ్ళేన్ని రెండిళ్ళవాళ్ళు చేతులు మార్చుకుంటే పెళ్ళి ఖాయమైనట్టు. తెచ్చిన తట్టు తిరిగిపోతే ఆ ఇంటి గురించి ఊరు ఏడాది మాట్లాడుకుంటుంది.

తల్లి లేని లోకేశ్వరిని పెంచిన తండ్రి దొరైస్వామి ఆ మాట విన్నప్పటి నుంచి రెండుసార్లు ఇంటికి సున్నం వేయించాడు.

ఆ రోజు కాఫీలయ్యాయి. లోకేశ్వరి వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. విఘ్నేశ్వరన్ ఆమెని చూసి, చేతిలో గ్లాసు అడుగు తిప్పి తోక ఉందేమో వెతికాడు. ఆమె పెదవి కొరుక్కుంది.

రత్నసభాపతిది గంధం బొట్టు, గంజి పెట్టిన పంచె. తట్టు తెచ్చి మధ్యలో పెట్టాడు. దాని పక్కన తన ఫోను పెట్టి, ఒక్కసారి నొక్కాడు.

గది నిండా లోకేశ్వరి గొంతు. "వేడి బాగుండాది, అబద్ధం ఏమిటికి, నాకు నచ్చె. ఆ టీ గోడౌను సంగతి నేను రెండుసార్లు చదివినాను."

అందరూ ఒక్కసారిగా ఫ్యాను వైపు చూశారు. సంతానలక్ష్మి తల వంచుకుంది.

రత్నసభాపతి ఫోను ఆపాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది. జాలిగా ఉన్నాడు. "పిల్లని తప్పు పట్టేకి రాలేదు. ఈ కాలంలో ఎవురు ఎవురి గొంతైనా చేసి పంపుతారు. ఇది నాది కాదని ఒక్క మాట చెప్పమ్మా. తట్టు మార్చుకుందాం. అడిగినోళ్ళకి మేమూ అదే చెప్తాము."

"చెప్పమ్మా," అన్నాడు దొరైస్వామి. ఆ గొంతులో బతిమాలుకోవడం ఉంది. "నీది కాదని చెప్పు తల్లీ."

ఒక్క మాట. అది చెబితే మంగళవారం మనిషి వారమంతా తనవాడు. నాన్న తల ఎత్తుకుని తిరుగుతాడు. లోకేశ్వరి విఘ్నేశ్వరన్ వైపు చూసింది. అతను తలెత్తాడు, నోరు తెరిచాడు, మూసుకున్నాడు.

కొట్లో అంత నాలుక ఉన్న మనిషికి ఇక్కడ లేకపోయింది.

"నాదే మామా," అన్నది.

"ఏమంటివి?"

"గొంతు నాదే. మొదట్లోనే పేరు చెప్పినాను, ఊరు చెప్పినాను, కొట్టు చెప్పినాను. మీరు ఆ ముక్క కోసేసి తెచ్చినారు. ముందు నుంచీ పెట్టండి, అందరూ వింటారు."

"ఆడపిల్లకి సిగ్గు ఉండాల్నా వద్దా?"

"చదివేకి నాకు సిగ్గు లేకపొయ్యె. చెప్పేకి ఏమిటికి పడాల? మూడు వందల మంది వింటుండారు మామా. వాళ్ళంతా సిగ్గులేనోళ్ళేనా?"

సంతానలక్ష్మి ఇంకా కిందికి వంగింది. రత్నసభాపతి లేచి తట్టు రెండు చేతులా ఎత్తుకున్నాడు. పూలు, పండ్లు, తమలపాకులు వచ్చిన దారినే పోయాయి. విఘ్నేశ్వరన్ అందరికంటే చివర వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆమె అతని వైపు చూడలేదు.

దొరైస్వామి అరవలేదు. తట్టు పెట్టిన చోటు చూస్తూ, "గ్రూపులో అదంతా తీసెయ్యి," అన్నాడు.

"తీసేది లేదు నాయనా."

"నీ పేరన్నా తీసెయ్యమ్మా."

"పాతికేళ్ళుగా ఊళ్ళో అందరి పేర్లూ చెక్కితిమి. నా పేరు నేనే గీకేయాల్నా?"

ఆ రాత్రి ఆయన భోజనానికి లేవలేదు. లోకేశ్వరి గదిలోకి పోయి బాగా ఏడ్చింది. ధిక్కారం చేసినవాళ్ళు ఏడవరని ఎవరైనా అంటే నమ్మకండి.

*

మరునాడు పొద్దున కొట్టు తెరిచి, మెట్లు కడిగి, ముగ్గు వేసి, ఫోను తీసింది. "నేను లోకేశ్వరి, కారమడై, పాత్రల కొట్టు. నిన్న మా ఇంటికొచ్చిన తట్టు తిరిగిపొయ్యె. మీకంతా తెలిసే ఉంటాది. ఇప్పుడు ఐదో బాగం." తర్వాత ఎప్పటిలాగే పులివాడి పని పట్టింది. ఐదో భాగంలో ఒక వంతెన మీద అతను మొదటిసారి 'రావచ్చునా' అని అడుగుతాడు. నాలుగు చుక్కలు.

మధ్యాహ్నం దాకా ఒక్క బొటనవేలు కూడా రాలేదు. అందరూ విన్నారు, ఎవరూ పలకలేదు. అవ్వ తుడిచిన చెంచాలే మళ్ళీ తుడిచింది.

పన్నెండున్నరకి ఒక గొంతు వచ్చింది. వణుకుతోంది. వెనక ద్రాక్ష పెట్టెలు సర్దుతున్న చప్పుడు.

"నేను సంతానలక్ష్మి. చిన్నమనూరు. నాలుగో బాగం నేను మూడుసార్లు వింటిని. నిన్న మా యన్న ముందర చెప్పేకి బయపడితిని. ఇప్పుడు చెప్తుండాను. నాకు నచ్చె."

లోకేశ్వరి చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది.

ఐదు నిమిషాలకి ఇంకొకటి. "నేను జెబమలర్. మదురై. ఆస్పత్రి డ్యూటీకి బస్సులో పోతా వింటాను. టీ గోడౌను నేనూ రెండుసార్లు." ఆ తర్వాత మేట్టుపాళయంలో వక్కలు వొలిచే ఆవిడ. ఆ తర్వాత కోయంబత్తూరులో మిల్లు మనిషి. పేరు, ఊరు, పని, ఆ తర్వాత అభిప్రాయం. ఒకావిడ పులివాడే బాగోలేదన్నది, అతని తమ్ముడు మేలు అన్నది. ఇంకొకావిడ అసలు నవలే చెత్త అన్నది, అయినా పేరు చెప్పే అన్నది.

సాయంత్రానికి అరవై పేర్లయ్యాయి. కొట్టుకి వచ్చిన దొరైస్వామి మూల స్టూలు మీద కూర్చుని, అన్నీ విన్నాడు.

అవ్వ ఫోను లాక్కుంది. "ఇది యాడ నొక్కాల? నేను వల్లియమ్మ. డెబ్బై నాలుగు. పులికి నడుము సన్నంగా ఉండాల."

అరవై ఒకటి.

*

మంగళవారం వచ్చింది, వానతో సహా. సాయంత్రం నాలుగింటికి విఘ్నేశ్వరన్ గుమ్మంలో నిలబడ్డాడు, తలలోంచి నీళ్ళు కారుతూ. లోపల దొరైస్వామి ఉన్నాడు, అవ్వ ఉన్నది. అయినా వెనక్కి పోలేదు. అది ఒక్కటే అతనికి ఆ రోజు దక్కిన మంచి మార్కు.

"వాంగ, ఎన్న వేణుం?" ఏం కావాలని కొత్త గిరాకీని అడిగినట్టు అన్నది లోకేశ్వరి, అచ్చమైన తమిళంలో. గుట్టు తెలుగు అతనికి ఇక లేదన్నట్టు.

"తిట్టేది ఉంటే తెలుగులో తిట్టు."

"తిట్టేకి ఏముండాది? ఆ రోజు మీరు స్తంబం. స్తంబాన్ని ఎవురన్నా తిడతారా?"

"నీ తరపున నేను మాట్లాడితే పులివాడి పని అయిపోతాదని ఊరుకుంటిని లోకా. అడగకుండా ఏమీ చెయ్యకూడదని నువ్వే చెప్పినావు."

"నా తరపున మాట్లాడమని ఎవురు అడిగిరి?" ఆమె గొంతు పెరిగింది. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు. "నా నోరు నాకుండాది. మీ తరపున మీరు మాట్లాడాల్సింది. మీరూ విన్నారు కదా, మీరూ చదివినారు కదా? నేనూ విన్నాను మామా అని ఒక్క మాట. నన్ను ఒంటిగా కూర్చోబెట్టి, నేల చూస్తిరి."

విఘ్నేశ్వరన్ తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు, చొక్కా ఇంకా తడిగా ఉంది.

"తప్పే," అన్నాడు. "బయపడితిని. మిగతాదంతా దారిలో అల్లుకోని వచ్చింది."

ఫోను తీశాడు. తల్లి నంబరు కాదు, తనది. గ్రూపులో తనని చేర్చమని ఆ పొద్దునే తల్లిని బతిమాలుకున్నాడట. అందరి ముందూ నొక్కి పట్టుకుని మాట్లాడాడు.

"నేను విఘ్నేశ్వరన్. చిన్నమనూరు. ద్రాక్షతోట. ఇన్నాళ్ళూ మా యమ్మ వెనక నిలబడి దొంగగా వింటిని. ఏడు బాగాలూ చదివితిని. నాలుగోది నాకు నచ్చలే, టీచరమ్మ బడికి పోలేదు. టీ గోడౌను నచ్చె. దీన్ని మా మామ వింటే విననీ. లోకేశ్వరి చెప్పింది ఒక్కటీ అబద్ధం లేదు. ఆ పిల్ల అంటే నాకు ప్రాణం." వేలు తీశాడు. పోయింది. ఇక వెనక్కి తేవడానికి లేదు.

మొదటి బొటనవేలు రెండు సెకన్లలో వచ్చింది. చిన్నమనూరు నుంచి.

"ఇప్పుడు బేరం," అన్నాడు. "నాకొక తట్టు కావాల. మామ తట్టు మామ ఇంట్లోనే ఉండాది, అది నాకు వద్దు."

లోకేశ్వరి ముక్కు తుడుచుకుని, పై అరలోంచి ఇత్తడి పళ్ళెం ఒకటి దించింది. "పేరు చెక్కాల్నా?"

తట్టు మీద పెళ్ళికొడుకు ఇంటి పెద్ద పేరు ఉంటుంది. ఎన్ని తరాలుగానో అంతే. ఆమె మిషను చేతిలో పట్టుకుని ఎదురు చూసింది.

"నీ పేరు," అన్నాడు విఘ్నేశ్వరన్. "నువ్వు సరే అంటేనే. నన్ను కల్యాణం చేసుకుంటావా? అడుగుతుండాను. వద్దంటే గరిటె కొనుక్కోని పోతాను."

లోకేశ్వరి మిషను పట్టుకునే తండ్రి వైపు తిరిగింది. మూల నుంచి దొరైస్వామి లేచాడు. నడిచి వచ్చి, గల్లాపెట్టె మీద ఆ పళ్ళెం వెల్లకిలా పెట్టి, చెక్కేటప్పుడు కదలకుండా రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

"పెద్దల పేరు పెట్టేది వాడిక," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. "ఈ ఇంట్లో పెద్ద గొంతు ఎవురిదో మదురై దాకా తెలిసిపొయ్యె. చెక్కు తల్లీ."

మిషను గుర్రుమంది. ఇత్తడి మీద లోకేశ్వరి పేరు పడింది, పెద్దగా, దూరం నుంచి కూడా చదవగలిగేటట్టు. దాని కింద ఆమె ఇంకొక పేరు చెక్కింది, చివర తోకతో. పళ్ళెం ఎత్తి అతని చేతిలో పెట్టింది, వదిలిపెట్టకుండా తన చెయ్యి కూడా దాని మీదే ఉంచింది. తట్టు మారింది.

అవ్వ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అడిగినాడు కదే. మూడుకి ఇంకోటి వేసి నాలుగు చెయ్యి."

"వేసినాను అవ్వా."

"ఐదోది?" అన్నాడు విఘ్నేశ్వరన్.

లోకేశ్వరి అతని భుజాల వైపు ఒకసారి తీరిగ్గా చూసింది. ఈసారి తెలుగులోనే, అందరికీ వినపడేటట్టే చెప్పింది.

"అది కల్యాణం అయినాక చెప్తాను. అదీ గ్రూపులోనే, పేరు చెప్పి."